నాలుగు గంటలు కూర్చునే డాక్టరు

బీరువాలో ఉన్నదంతా మంచం మీదికి వచ్చేసింది. పట్టుచీరలు, గ్యాసు పుస్తకం, ఎప్పటివో ఎక్స్‌రేలు, ఉన్ని శాలువాలు అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. నీలం ఫైలు మాత్రం లేదు.

"అమ్మా, నిన్న ఇక్కడే పెట్టాను. నీ ఎదురుగానే పెట్టాను," అంది ధాత్రి.

కమలాదేవి చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఆ కాయలకి ఎన్ని ఈనెలుంటాయో అన్నీ ఎప్పుడో తీసేసింది. అయినా తీస్తూనే ఉంది.

"అమ్మా, నిన్నే."

"వినపడుతోంది."

"వినపడితే చెప్పు."

"వెతుకుతున్నావు కదా, వెతుకు."

కమలాదేవి అబద్ధం ఆడదు. నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం కూరగాయలు ముందేసుకుంటుంది. ఆ సంగతి ధాత్రికి చిన్నప్పట్నుంచీ తెలుసు. వెతకడం ఆపి, తల్లి ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"నాన్న తీసుకెళ్ళాడా?"

చిక్కుడుకాయ రెండుగా విరిగింది.

"పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు సంచీలో పెట్టుకున్నారు. నేను చూశాను."

"చూసి ఏం చేశావు?"

"చేసేదేముంది, కాఫీ ఇచ్చాను."

ఇంకే రోజైనా ధాత్రికి నవ్వు వచ్చేది. ఈరోజు ఒళ్ళు మండింది. ఆ ఫైల్లో ఆమె ఎంబీబీయస్ పట్టా ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది, సీటు వచ్చినట్టు తెలిపే కాగితం ఉంది. ఈ సాయంత్రం ఆఫీసు మూసేలోగా ఊరికి ఆ చివర ఉన్న ఆసుపత్రికి స్వయంగా వెళ్ళి, వాటిని చూపించి పీజీలో చేరాలి. చేరకపోతే ఆ సీటు పోతుంది. తర్వాత విడతలో రేడియాలజీ కోరుకోవచ్చు. ఆమె ర్యాంకుకి అది వస్తుంది కూడా.

తండ్రి మల్లికార్జునరావుకి కావలసింది అదే. చక్కగా రేడియాలజీ వచ్చే ర్యాంకు చేతిలో పెట్టుకుని, ఇంట్లో ఒక్కరికైనా చెప్పకుండా, ఈ పిల్ల ఫ్యామిలీ మెడిసిన్‌ని మొదటి కోరికగా పెట్టింది. అది బయటపడిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు.

ఆయన ఏ బ్యాంకు మేనేజరో అయితే ఆ కోపం అర్థమయ్యేది. కానీ ఆయనే ఫ్యామిలీ డాక్టరు. కలకత్తా వాట్‌గంజ్‌లో ఆయన రోగుల్ని చూసే ఛేంబర్ తెలియని రిక్షావాడు లేడు. ఓడరేవు డాకు కూలీలు, కార్పొరేషన్ క్వార్టర్సులో ఉండే మన తెలుగువాళ్ళు, వీధి చివరి బెంగాలీ మాస్టార్లు, అందరికీ దగ్గొచ్చినా పిల్ల పుట్టినా మొదట గుర్తొచ్చేది ఆయనే. అంటే, ఒకప్పుడు.

"ఈరోజు డాక్టర్ల సంఘం మీటింగులో ఏం మాట్లాడుతున్నాడో తెలుసా నీకు?" అంది ధాత్రి. "పోయిన నెల నేనే టైపు చేసిచ్చాను. 'రేపటి కుటుంబ వైద్యుడు ఎక్కడ?' అని పేరు. తెలివైన యువతరం ఈ వృత్తిలోకి రాకపోతే ఇంకొన్నాళ్ళకి ఈ ఊళ్ళో ఒక్క ఫ్యామిలీ డాక్టరూ మిగలడట. తెలివైన అన్న మాట నేనే కలిపాను."

"అది ఊళ్ళో పిల్లల గురించి రాసుకున్నారు. ఇంట్లో పిల్ల గురించి కాదు."

"అంటే వేదిక మీద శ్రీరంగ నీతులా?"

"నన్నడుగుతావేం? వేదిక మీద ఉన్నది నేనా?"

"నువ్వు ఎటువైపమ్మా?"

"నేను వంటింటి వైపు," అని కమలాదేవి లేవబోయింది. ధాత్రి ఆమె చెంగు పట్టుకుంది. తల్లి మళ్ళీ కూర్చుంది. డాకు వైపు వెళ్ళే ట్రైలర్లు వీధి అదిరేలా హారన్లు కొట్టాయి.

"ఆయన పళ్ళెంలో అన్నం చల్లారిపోవడం పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను," అంది కమలాదేవి. "ముద్ద నోట్లో పెట్టుకునే వేళకి ఎవరో ఒకరు గుమ్మంలో ఉండేవాళ్ళు. నేను తిట్టుకునేదాన్ని. ఇప్పుడు అన్నం వేడివేడిగా తింటున్నారు. ఎవరూ రావడం లేదు. అది చూస్తే ఇంకా భయంగా ఉందే నాకు. నీకూ అదే రాసిపెట్టి ఉందేమోనని ఆయన భయం. దొంగతనం చేశారు, తప్పే. ప్రేమ లేక చెయ్యలేదు."

"ప్రేమ ఉంటే అడగాలి. దొంగిలించకూడదు."

"అడిగారు కదా. వారమంతా అడిగారు. నువ్వు విన్నావా?"

ధాత్రి లేచి తండ్రికి ఫోన్ చేసింది. స్విచ్ఛాఫ్. మీటింగులో ఉపన్యాసం ఇచ్చే మనిషి ఫోను ఆపుకోవడం మామూలే. కానీ ఆ స్విచ్ఛాఫ్ కూడా తన మీదే అన్నట్టు తోచింది ఆమెకి. మీటింగు జరిగే హాలు పక్కనే ఉన్న ఖిదిర్‌పూర్‌లోనే. వెళ్ళి, నలుగురిలో రభస చెయ్యకుండా సంచీ అడిగి తీసుకుని, అట్నుంచి అటే ఆసుపత్రికి పోవాలి. చెప్పులు వేసుకుంటుండగా కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో పోలిరాజు. కార్పొరేషన్ చెత్తలారీ నడుపుతాడు. చొక్కా బొత్తాలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకుని ఉన్నాడు.

"బాబున్నారా, పాపా?"

"లేరు పోలిరాజూ. మీటింగుకి వెళ్ళారు. ఏమైంది?"

"అమ్మ ఎల్లిపోనాది."

ధాత్రి గుమ్మం పట్టుకుంది. వెనకాల వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది.

"ఎప్పుడు?"

"తెల్లారి టీ ఇచ్చినాను. తాగినాది. పడుకుంటానంది. మా ఆడది లేపడానికి ఎల్తే..." చేత్తో మొహం తుడుచుకుని మళ్ళీ అందుకున్నాడు. "ఇద్దరు డాట్రుల కాడికెల్లాను పాపా. మేం ఎప్పుడూ సూడనేదు, మేం రాయం అన్నారు. ఆసుపత్రికి ఒట్టుకెల్లమన్నారు. అక్కడికెల్తే పోలీసులంట, కోతంట. ఈదులు ఊడ్చి ఊడ్చి అరిగిపోయిన ఒల్లు పాపా అది. దాన్ని కొయ్యనివ్వను. బాబొచ్చి రాసిస్తేనే అమ్మ లేస్తాది ఆ గదిలోంచి."

ఇంట్లో మనిషి పోతే, ఆ మనిషిని చూస్తూ ఉన్న డాక్టరు వచ్చి, పోయినట్టూ ఎందువల్ల పోయినట్టూ కాగితం రాసివ్వాలి. అది లేనిదే శ్మశానంలో లోపలికి రానివ్వరు. ఈ రోజుల్లో కలకత్తాలో చాలా ఇళ్ళకి ఫ్యామిలీ డాక్టరు గుర్తొచ్చేది ఆ ఒక్కరోజే.

ధాత్రి చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. ఇటు వెళ్ళాలా, అటు వెళ్ళాలా అని ఆలోచించినట్టయినా లేదు. గోడకి తగిలించిన స్టెతస్కోపు తీసుకుంది.

"అమ్మా, నాన్న ఫోను పనిచెయ్యదు. సంఘం సెక్రటరీ జయదేవ్ అంకుల్‌కి చెయ్యి. పోలిరాజు వాళ్ళమ్మ సింహాచలమ్మ పోయింది, నాన్నని క్వార్టర్సుకి రమ్మను. నా సంగతి ఎత్తకు."

"మరి నీ..."

"ఎత్తకన్నాను కదా."

*

సింహాచలమ్మ గది రోడ్డు పక్కనే, కింది వరసలో మొదటిది. ఆడవాళ్ళు గోడ వారగా కూర్చుని ఉన్నారు. పోలిరాజు భార్య ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఉత్త పెదాలు కదుపుతోంది.

ధాత్రి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. నాడి చూసింది. గుండె మీద స్టెతస్కోపు పెట్టి, చాలాసేపు తియ్యలేదు. కళ్ళలో లైటు వేసి చూసింది. తర్వాత ఆ కళ్ళు తనే మూసి, పోలిరాజు వైపు తిరిగి, తల ఊపింది.

ఈ మంచం ఆమెకి కొత్త కాదు. చలికాలం మొదలైన దగ్గర్నుంచీ మంగళవారం మంగళవారం డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళే దారిలో ఇక్కడ ఆగేది. బీపీ చూసేది, పాదాల వాపు నొక్కి చూసేది, రాత్రి ఎన్ని దిళ్ళు వేసుకుంటే ఊపిరి ఆడుతోందో అడిగేది. బిస్కెట్ల డబ్బాలో నలుగురు స్పెషలిస్టుల మాత్రలుండేవి. ఒకే మందు రెండు పేర్లతో ఇద్దరు రాశారు. అది పట్టుకుని ఒకటి ఆపించిన తర్వాత ముసలమ్మకి కళ్ళు తిరగడం తగ్గింది.

చూడటం అయిపోగానే సింహాచలమ్మ ధాత్రి మణికట్టు పట్టుకునేది. "ఇప్పుడు నీ నాడి నాను సూస్తాను. ఏటి తిన్నావు మద్దేనం? ఏటీ తిన్నట్టు నేదు. కొట్టుకోటమే నేదు ఇది." వెళ్ళేటప్పుడు ఎప్పుడూ ఒకటే మాట. "బాబుకి సెప్పకు పాపా."

ఎందుకు చెప్పకూడదో ధాత్రి ఒకటి రెండుసార్లు అడిగింది. ముసలమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని మాట దాటేసింది. ఇప్పుడా చెయ్యి చల్లగా ఉంది. ధాత్రికి ఏడుపొచ్చింది. డాక్టరు ఏడవకూడదని ఎక్కడా రాసి లేదు కదా అనుకుని కాస్త ఏడ్చింది.

మల్లికార్జునరావు వచ్చేసరికి గది ముందు నలుగురు మగవాళ్ళు చేరి ఉన్నారు. ఆయన మెడలో మీటింగువాళ్ళు వేసిన ఉత్తరీయం అలాగే ఉంది. ఉపన్యాసం మధ్యలో జయదేవ్ చీటీ అందిస్తే, వాక్యం పూర్తి చెయ్యకుండానే దిగి వచ్చేశాడు. చేతిలో తోలు సంచీ. కూతుర్ని చూశాడు. కూతురు సంచీని చూసింది.

ఆయన మంచం మీద వంగి, ముసలమ్మ నుదుటి మీద చెయ్యి వేశాడు.

"ఏటమ్మా సింహాచలమ్మా, ఇలాగేనా కబురెట్టడం," అన్నాడు నెమ్మదిగా.

ఆ మాటకి ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. ఆయన లేచి ఉత్తరీయం తీసి, మడిచి కిటికీలో పెట్టాడు. పోలిరాజుని పక్కకి పిలిచాడు. ఆ గదిలో పక్కకి అంటే స్టవ్వు దగ్గరికి. అందరికీ వినపడుతూనే ఉంది.

"ఎవరు చూస్తున్నారు?"

"పెద్దాసుపత్రిలో బాబూ. గుండికొకరు, కిడ్నీకొకరు, సుగరికొకరు. నరాలకని మల్లీ ఇంకొకరు."

"వాళ్ళని పిలవకపోయావా?"

"ఆలు ఇంటికి రారు గదా బాబూ."

మల్లికార్జునరావు నవ్వాడు. ఆ నవ్వు ధాత్రికి నచ్చలేదు.

"విన్నావా?" అన్నాడు ఆమె వైపు తిరిగి. "బతికున్నప్పుడు మనిషికి నలుగురు డాక్టర్లు. పోయాక నేను. నువ్వు కావాలని కోరుకున్న కొలువు ఇదీ. పొద్దున ఆ వేదిక మీద భవిష్యత్తు, భవిష్యత్తు అని అరిచి వచ్చాను. ముందు వరస నిండా నెరిసిన తలలే. ఒక్క నల్ల జుట్టు లేదు. భవిష్యత్తు ఇక్కడుంది, చూసుకో. మంచం మీద."

"నాన్నా, ఇక్కడ వద్దు."

"ఎక్కడ కావాలి? ఇంట్లో అంటే వినవు కదా." పోలిరాజు వైపు తిరిగాడు. "నేను రాయలేనురా. ఆవిడ చెయ్యి నేను పట్టుకుని ఏడాది దాటింది. ఎందువల్ల పోయిందని రాయను? నాకేం తెలుసని రాయను? మొన్న దుర్గా పూజల ముందు మార్కెట్లో ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకుంది మీ అమ్మ. నువ్వు పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేను. ఎలా ఉన్నావు బాబూ అని అడగడానికి కూడా ఆగలేదు."

పోలిరాజు రెండు చేతులూ జోడించాడు.

"మరిచిపోయి కాదు బాబూ. మొహం సెల్లక. మిమ్మల్ని కాదని పెద్దాసుపత్రికి ఎల్లినోలం. కంగారులో నానే ఒట్టుకెల్లాను. ఊపిరాడక గిలగిల్లాడితే బయపడి, మీకు సెప్పకుండా ఒట్టుకెల్లాను. తరవాత ఏ మొహం ఎట్టుకొని వస్తాం? రోజూ అనీది. బాబుకి ద్రోకం సేసినాం, ఆ గుమ్మం తొక్కడానికి కాలు రాదు అనీది. సిగ్గు బాబూ. మిమ్మల్ని సూస్తే తల దించుకోటానికి సందు కావాలి గదా, అందుకే ఎల్లిపోనాది సందులోకి."

మల్లికార్జునరావు స్టవ్వు పక్కన గట్టుకి ఆనుకున్నాడు. ఏడాదిగా ఆయన వేసుకుంటున్న లెక్క వేరు. జనం తనని వదిలేశారు, తన కాలం అయిపోయింది, తన వృత్తికే కాలం చెల్లింది. ఛేంబర్లో ఖాళీ బెంచీ చూసినప్పుడల్లా అదే అనుకున్నాడు. ఆ బెంచీ మీద కూర్చోవలసినవాళ్ళు సిగ్గుపడి సందుల్లోకి తప్పుకుంటున్నారని ఆయనకి ఒక్కసారి కూడా తట్టలేదు. ఒక్కసారి ఆయన ఎదురెళ్ళి, ఏమమ్మా ఎలా ఉన్నావని అడిగినా సరిపోయేది. అడగలేదు. ఆయనకీ అభిమానం అడ్డొచ్చింది.

"అయినా నేను రాయకూడదు," అన్నాడు. ఈసారి గొంతులో కోపం లేదు. "సిగ్గు నిజమే కావచ్చు. చూడకపోవడమూ నిజమే. చూడని మనిషికి రాస్తే నేను డాక్టర్ని కాను."

"నువ్వు రాయక్కర్లేదు నాన్నా," అంది ధాత్రి. "నేను రాస్తాను."

"నువ్వెలా రాస్తావు?"

"చలికాలం నుంచీ నేనే చూస్తున్నాను."

గదిలో ఏడుపు కూడా కాస్త తగ్గింది. ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె దాచాలనుకోలేదు, తప్పు చేసినట్టు తల దించుకోనూలేదు.

"గుండె బలహీనం. కిడ్నీలు సగం పోయాయి. పోయిన మంగళవారం పాదాల వాపు మోకాళ్ళ దాకా వచ్చింది. ఆసుపత్రికి వెళ్దామన్నాను. రానంది. ఈ మంచమే చాలంది. పోలిరాజుని కూడా కూర్చోబెట్టి చెప్పాను. ఇంకెంతో కాలం లేదని ఇద్దరికీ తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దని ఆవిడ అడిగింది. పేషెంటు చెప్పొద్దన్నది ఇంట్లో చెప్పకూడదని నేర్పింది నువ్వే."

మల్లికార్జునరావు పోలిరాజు ఇచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని జిప్పు లాగాడు. అడుగున ఉన్న ప్యాడు కోసం చెయ్యి పెట్టాడు. ప్యాడుతో పాటు నీలం ఫైలు సగం బయటికి వచ్చింది.

తండ్రీకూతుళ్ళిద్దరూ దాన్ని చూశారు. ఆయన ఫైలుని లోపలికి నొక్కేశాడు. ప్యాడు మాత్రం బయట ఉంచాడు.

ప్యాడు పైన బెంగాలీలోనూ ఇంగ్లీషులోనూ ఆయన పేరు అచ్చు వేసి ఉంది. జేబులోంచి పెన్ను తీశాడు. ఆ పేరు మీద అడ్డంగా ఒక గీత గీశాడు. వంకర పోకుండా జాగ్రత్తగా గీశాడు. కాగితం చింపి కూతురికి అందించాడు.

"నీ పేరు రాసుకో. కింద రిజిస్ట్రేషన్ నంబరు మరిచిపోకు."

ధాత్రి ఆ కాగితం అందుకుంది. ఇన్నేళ్ళలో తండ్రి చేతి నుంచి ఎన్నో తీసుకుంది. ఇంత బరువైనది ఎప్పుడూ తీసుకోలేదు. ఒక్క క్షణం ఆమెకి వారం రోజుల కోపమూ మరుపున పడింది.

"ఇప్పుడే కాదు. రాసేది తర్వాత," అన్నాడు ఆయన.

"తెలుసు. నాలుగు గంటలు."

పోయినట్టు తేల్చుకున్నాక నాలుగు గంటలాగి, ఇంకోసారి చూసి అప్పుడు కాగితం రాయడం ఇక్కడి డాక్టర్ల అలవాటు. మిగతావాళ్ళు చూసి, ఇంటికి వెళ్ళి భోంచేసి, మళ్ళీ వచ్చి సంతకం పెడతారు. మల్లికార్జునరావు మాత్రం ఎప్పుడూ కదిలేవాడు కాదు. ఆ ఇంట్లోనే కూర్చునేవాడు. డాక్టరు వెళ్ళిపోతే ఇంట్లోవాళ్ళు ఆ నాలుగు గంటలూ ఛాతీ కదిలిందా, కనురెప్ప అదిరిందా అని చూస్తూ చస్తారట. డాక్టరు ఎదురుగా ఉంటే ఆశ నెమ్మదిగా దిగి దుఃఖం సర్దుకుంటుందట. వాట్‌గంజ్‌లో ఆయనకున్న పేరులో సగం ఆ కూర్చోవడం వల్ల వచ్చిందే. చిన్నప్పుడు బడి సెలవుల్లో ధాత్రికి ఇదంతా చెప్పేవాడు.

ఆమె గొంతు తగ్గించింది.

"నాన్నా, నువ్వు ఇక్కడ కూర్చో. నేను వెళ్ళి చేరి, గడువులోగా తిరిగి వచ్చి రాస్తాను. ఫైలు ఇయ్యి."

"చూసింది నువ్వు. కూర్చోవలసింది నువ్వు. ఈ ఇంటికి నేనెవర్ని?"

"ఇక్కడ నాలుగు గంటలూ కూర్చుని వెళ్ళేసరికి అక్కడ తాళం పడుతుంది."

"పడుతుంది."

ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు. ఆయన ధాత్రికి కాగితం ఇచ్చాడు, పేరు ఇచ్చాడు, అదే చేత్తో తలుపు మూస్తున్నాడు.

"ఇది న్యాయం కాదు."

"న్యాయం అని నేను అనలేదు. పద్ధతి అన్నాను. పద్ధతి వద్దంటే లే. ఇదిగో, ఫైలు ఇప్పుడే ఇస్తాను." నిజంగానే సంచీ తెరిచాడు. "తీసుకుని వెళ్ళు. కానీ వెళ్ళేముందు ఒక్కటి చెప్పు. మొదటిరోజే శవం పక్కనుంచి లేచిపోయేదానివి, మూడేళ్ళు ఆ కోర్సులో కూర్చుని ఏం నేర్చుకుంటావు?"

చెయ్యి చాపితే ఫైలు అందుతుంది. ధాత్రి చెయ్యి కాస్త లేచింది కూడా. ఆడవాళ్ళు ఆమెనే చూస్తున్నారు. వాళ్ళకి సీటు సంగతి తెలియదు, ఫైలు సంగతి తెలియదు. పాప ఉంటుందా, వెళ్తుందా అన్నదొక్కటే వాళ్ళకి కావాలి. పోలిరాజు భార్య అత్తగారి ఛాతీ మీద కప్పిన దుప్పటిని రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"వదినా, అటు చూడకు," అంది ధాత్రి. "ఏం కదలదు. నేను చెప్తున్నాను కదా. ఇటు వచ్చి నా దగ్గర కూర్చో."

మంచం కింది నుంచి స్టూలు లాక్కుని కూర్చుంది. పోలిరాజు భార్య వచ్చి ఆమె మోకాలికి తల ఆనించి వెక్కింది.

మల్లికార్జునరావు సంచీ మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గెలిచాడు. గెలిచిన మనిషి మొహం అలా ఉండదు. కూతురు గొడవ పెట్టుకుంటుందనీ, ఫైలు లాక్కుని పోతుందనీ, అప్పుడు మనసారా తిట్టుకోవచ్చనీ ఆయన అనుకున్నాడు. ఈ కూర్చోవడం ఆయన అనుకోలేదు.

కమలాదేవి వచ్చింది. చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి పెద్ద ఫ్లాస్కులో టీ, గ్లాసులు తెచ్చింది. అందరికీ పోసింది. స్టూలు మీద కూతుర్ని చూసింది, భర్త ఒళ్ళో సంచీని చూసింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆడవాళ్ళ మధ్య చోటు చేసుకుని కూర్చుంది.

పొద్దు నడినెత్తి దాటింది. ఈగలు తోలడానికి ఎవరో విసనకర్ర తెచ్చారు. మల్లికార్జునరావు గడియారం చూసుకున్నాడు. కాసేపాగి మళ్ళీ చూసుకున్నాడు. లేచి గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు. కూర్చుని మళ్ళీ చూసుకున్నాడు.

"మీ తరవాత మాకెవరు బాబూ అని అమ్మ ఒకటే గునిసీది," అన్నాడు పోలిరాజు టీగ్లాసు పట్టుకుని. "మొన్న మంగలారం పాప ఎల్లినాక అంది. ఇంక బెంగనేదురా, బాబు కుర్సీలో పాప కూకుంటాది అంది. అది సూసి పోవాలని ఉండీది దానికి."

మల్లికార్జునరావు టీ తాగలేదు. గ్లాసు కింద పెట్టాడు. చెయ్యి దానంతటదే మళ్ళీ మణికట్టు తిప్పింది.

"ఎందుకండీ ఊరికే గడియారం చూస్తారు?" అంది కమలాదేవి. గొంతు పెంచలేదు. "నాలుగు గంటలు ఎలాగూ అవుతాయి. కూర్చోవలసింది అది. మీకేం తొందర?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆ చావింట్లో అడుగుపెట్టాక ఆవిడ ఆయన్ని ప్రశ్న అడగడం అదే మొదటిసారి. లేచాడు. సంచీ తీసుకున్నాడు. గుమ్మంలో చెప్పులు సరిగ్గా దూర్చుకోకుండానే రోడ్డు మీదికి నడిచాడు.

ధాత్రి లేవలేదు. మోకాలికి ఆనుకుని ఒక తల ఉంది. చేతిలో తండ్రి పేరు కొట్టేసిన కాగితం ఉంది. ఆయన ఇంటికి పోతున్నాడో, మళ్ళీ ఆ మీటింగుకే పోతున్నాడో ఆమెకి తెలియదు. ఫైలు మాత్రం ఆయనతో పోతోంది.

బయట టాక్సీ ఆగిన చప్పుడైంది. ఆయన డ్రైవరుతో బెంగాలీలో ధాత్రి చేరాల్సిన ఆసుపత్రి పేరు చెప్పడం వినపడింది, ఆ తర్వాత ఏం చెప్పాడో తెలియలేదు. టాక్సీ తలుపు తెరుచుకుంది. తలుపు పడింది.

తల్లీకూతుళ్ళిద్దరూ గుమ్మం వైపు చూశారు. టాక్సీ ఇంజను నడుస్తూనే ఉంది. బండి మాత్రం కదల్లేదు.